వడియాల చీర మీద జున్ను అడుగులు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. ఇంట్లో నేను, మా ఆయన, అత్తయ్యగారు, ఏడో తరగతి చదివే మా అబ్బాయి. సంక్రాంతి సెలవుల్లో మా వాడు వీధిలో తల్లి లేని కుక్కపిల్లని ఎత్తుకొచ్చాడు. అప్పటికి దానికి నెలన్నర ఉంటుందేమో. పేరు జున్ను. ఇప్పుడు ఐదున్నర నెలలు. ఈ నెలలో మాత్రం మా ఇల్లు ఇల్లులా లేదు. పాత సోఫాలో స్పాంజి తీసి, జీన్సు ప్యాంట్లు కత్తిరించి దానికి పరుపు కుట్టాను. జిప్పు తర్వాత కుడదాంలే అని టాకాలు వేసి వదిలేశాను. మూడో రోజుకల్లా చీల్చేసి హాలంతా స్పాంజి పరిచింది. అత్తయ్యగారు మేడ మీద రెండు కిలోల మినప్పప్పుతో వడియాలు పెట్టి, కాకులు ముట్టకుండా కప్పడానికి దోమతెర కోసం కిందికి దిగారు. తిరిగి పైకి వెళ్లేసరికి చీర మీద ఈ చివర నుంచి ఆ చివరకి జున్ను అడుగులు. కొన్ని తినేసింది కూడా. పోయిన ఆదివారం మా ఆయన వీడియోలు చూసి, పాత కిటికీ తలుపుల చెక్కలతో దానికి గూడు చేశారు. పచ్చ ఎనామిల్ పెయింట్ వేస్తుంటే ఫోన్ వచ్చి లేచి వెళ్లారు. అది డబ్బా తన్నేసి, అందులో దొర్లి, ఇల్లంతా పరుగు పెట్టింది. టర్పెంటైన్ గుడ్డతో తుడవబోతే ఏడ్చింది, వదిలేశాం. పొట్ట కింద, కాళ్లకి రంగు గట్టిగా పట్టేసి ఉంది. ఇవి చాలవన్నట్టు రోజూ దేవుడి గది గడప దగ్గరే ఒంటేలు. ఎంత ఫినాయిల్ వేసి కడిగినా మళ్లీ అక్కడే. అత్తయ్యగారు ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. మా వాడు అన్నం మానేస్తానంటున్నాడు. ఫిబ్రవరిలో ఒక ఇంజక్షన్ వేయించాం, తర్వాత పరీక్షల హడావిడిలో మళ్లీ వెళ్లలేదు. నాలుగు రోజుల క్రితం ఆటలో మా వాడి చేతికి దాని పన్ను గీరుకుని కొంచెం రక్తం వచ్చింది, పసుపు పెట్టాను. జున్నుని ఉంచుకోవాలా, ఇచ్చేయాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఓ చెల్లి

సమాధానం:

చెల్లీ, నీ ఉత్తరంలో వడియాలున్నాయి, పెయింటు ఉంది, గడప ఉంది. అవన్నీ చెప్పుకున్నాక, చివర్లో పోనీలే అన్నట్టు ఒక్క మాట రాశావు, మా వాడి చేతికి పన్ను గీరుకుని రక్తం వచ్చింది, పసుపు పెట్టాను అని. నేను అక్కడే ఆగిపోయాను. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు పిల్లాణ్ణి తీసుకుని మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లు. ఇది చదివిన రోజే వెళ్లు. నాలుగు రోజులైపోయిందిగా, ఇంకేం వెళ్తాంలే అనుకోకు. ఆలస్యమైనా సరే కుక్కకాటు టీకా వేయించుకోవాల్సిందే.

మన కుక్కే కదా, మన కంచంలో తిన్నదే కదా అనిపిస్తుంది. కానీ మీ జున్నుకి రేబిస్ టీకా పడిందని నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఫిబ్రవరిలో వేసింది పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకి వేసే మొదటి డోసు అయ్యుంటుంది. రేబిస్ టీకా మామూలుగా మూడు నెలలు నిండాకే వేస్తారు. పుట్టింది వీధిలో, మీ ఇంటికి రాకముందు ఏ కుక్క దాన్ని కరిచిందో ఎవరికీ తెలియదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇక మందు లేదు. అందుకే ఇందులో అనుమానానికి కూడా ఇంజక్షనే.

డాక్టరు దగ్గర రక్తం వచ్చిందన్న మాట దాచకు. గీరుడుకీ, రక్తం వచ్చిన గాయానికీ వైద్యం ఒకటి కాదు. రక్తం వచ్చిందంటే టీకాతో పాటు గాయం దగ్గర సీరం, అంటే రేబిస్ క్రిమిని అక్కడికక్కడే అడ్డుకునే మందు, కూడా ఇవ్వాలంటారు. అది వాళ్లు చూసి చెబుతారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి. కండకి ఇచ్చేదైతే 14వ రోజు కూడా కలిపి ఐదు. అత్తయ్యగారు బొడ్డు చుట్టూ ఇంజక్షన్లు అని భయపెడితే, ఆ రోజులు పోయాయని చెప్పు. ఇప్పుడు భుజానికే. జున్నుని మాత్రం కరిచిన రోజు నుంచి పది రోజులు కనిపెట్టుకుని ఉండండి. కుక్క ఉమ్మిలోకి ఆ క్రిమి వచ్చాక పది రోజుల్లోపే అది జబ్బు పడుతుంది, అందుకని ఆ లెక్క. పది రోజులూ తిని, ఆడుతూ ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరే తేల్చి చెబుతారు. పది రోజులు చూసి అప్పుడు వెళ్దాంలే అని మాత్రం కూర్చోవద్దు.

ఇంకోసారి పన్ను తగిలితే పసుపు, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టకు. కుళాయి తిప్పి, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుగు. గడియారం చూసుకుని కడుగు, ఎందుకంటే మనం రెండు నిమిషాలకే పదిహేను అయిపోయాయనుకుంటాం. తర్వాత ఆసుపత్రికి.

సరే, ఇప్పుడు పెయింటు. టర్పెంటైన్ గుడ్డ వెయ్యగానే అది ఎందుకు ఏడ్చిందో తెలుసా? మండింది. దాని పొట్ట కింద చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. టర్పెంటైన్, థిన్నర్, కిరసనాయిలు ఇవేవీ కుక్క ఒంటికి తగలకూడదు. చర్మం కాలడం ఒకటి, అది నాకేసి కడుపులోకి పంపుకోవడం ఇంకొకటి. ఒకవేళ నాకిందని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చెయ్యొద్దు. కక్కేటప్పుడు ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి వెళితే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. మీరు వదిలేశామన్నారే, ఆ వదిలేయడమే మంచిదైంది.

తడిగా ఉన్నప్పుడైతే వంటనూనె రాసి, గుడ్డతో తుడిచి, సబ్బుతో కడిగితే సరిపోయేది. ఇప్పుడు ఎండిపోయింది కాబట్టి రంగు పట్టిన వెంట్రుకలు కత్తిరించడమే. మొన కొద్దిగా గుండ్రంగా ఉన్న చిన్న కత్తెర తీసుకో. ఒకరు ఒళ్లో పెట్టుకుని ముద్ద అన్నమో, ఉడికిన గుడ్డో తినిపిస్తుంటే ఇంకొకరు కత్తిరించాలి. కత్తెరకీ చర్మానికీ మధ్య దువ్వెన అడ్డం పెట్టు, అప్పుడు తోలు తెగదు. ఒకే పూటలో అంతా అయిపోవాలని కూర్చోవద్దు, రోజుకి ఒక కాలు చాలు. అరికాళ్లకి పట్టిన రంగుకి కొబ్బరినూనె రాసి పావుగంట ఉంచు, మెత్తబడ్డాక గుడ్డతో రుద్దు. గోటితో గీకొద్దు. చర్మం ఎర్రబడి ఉన్నా, దగ్గుతున్నా, తిండి తినకపోయినా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు. కొన్నాళ్లు అక్కడక్కడా బోడిగా కనిపిస్తుంది, ఎవరైనా నవ్వితే నవ్వనీ.

ఆ గూడు గురించి మీ ఆయనతో ఒక మాట చెప్పాలి, నొచ్చుకోకుండా వినమను. పాత కిటికీ తలుపులు అన్నావు. వాటి మీద ఎన్నేళ్ల నాటి రంగు ఉందో. ఇళ్లకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు రంగుల్లో ఎంత ఉందో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. ఆ చెక్కని ఉప్పుకాగితంతో రుద్దితే వచ్చే పొడి పిల్లాడికీ మంచిది కాదు, జున్నుకీ మంచిది కాదు. పైగా ఇప్పుడు అది కనిపించిన ప్రతిదాన్నీ కొరికే వయసులో ఉంది. కొత్త చెక్కతో చేసి, లోపల రంగే వెయ్యకుండా వదిలేస్తే సుఖం. బయట వేస్తే వాసన పూర్తిగా పోయేదాకా దాన్ని దగ్గరికి రానివ్వొద్దు. నిజం చెప్పాలంటే మే నెలలో గూడు ఎందుకు? కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయట పెట్టి రొప్పుతూనే చల్లబడాలి. రేకు పైకప్పు వేసిన పెట్టెలో పెడితే అది గూడు కాదు, పొయ్యి. వానలు పడేలోపు తీరిగ్గా చెయ్యమను. అడుగున నాలుగు ఇటుకలు పెట్టి, చెట్టు నీడన.

నీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే నాకు ఒకటి తట్టింది. పరుపుకి జిప్పు కుట్టకుండా టాకాలు వేసి వదిలేశావు. వడియాలు పెట్టాక దోమతెర లేదని అత్తయ్యగారికి గుర్తొచ్చింది. పెయింటు డబ్బా మూత పెట్టకుండా మీ ఆయన ఫోను కోసం లేచారు. జున్ను టీకా ఒకటి పడింది, మిగతావి ఆగిపోయాయి. మీ ఇంట్లో ఈ నెలలో జరిగిన ప్రతి గొడవా ఎవరో ఒకరు సగంలో లేచిన పని దగ్గరే జరిగింది. కుక్క చేసిందల్లా అక్కడికి వెళ్లడమే. అత్త మీద కోపం దుత్త మీద అంటారు, మీ ఇంట్లో అందరి కోపం పాపం ఆ జున్ను మీదే.

నేనేదో తక్కువ తిన్నానని కాదు. ఒకసారి వంటింటి గోడకి నేనే షెల్ఫు కొట్టుకున్నాను. నాలుగు మేకులకి మూడే ఉన్నాయి, నాలుగోది పొద్దున్నే కొని తెద్దాంలే అనుకున్నాను. అప్పటిదాకా ఊరుకోకుండా ముచ్చటపడి ఉసిరికాయ పచ్చడి జాడీ దాని మీద పెట్టాను. రాత్రి రెండింటికి మా పిల్లి సరిగ్గా మేకు లేని మూల మీదకి దూకింది. ఆ చప్పుడుకి పక్కింటివాళ్లు లైటు వేశారు. నూనె ఇంకిన ఆ గోడ మీద పసుపు మరక ఇప్పటికీ ఉంది, రెండుసార్లు సున్నం వేసినా పైకి తేలుతుంది. పిల్లిని వారం రోజులు తిట్టాను. మేకు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకే చెబుతున్నాను.

కాబట్టి మీ ఆయన చేతికి పని కావాలంటే, గూడు పక్కన పెట్టి రెండు గేట్లు చెయ్యమను. ఒకటి మేడ మెట్ల మొదట్లో, ఒకటి దేవుడి గది ముందు. మూడడుగుల ఎత్తు చాలు, కర్రల మధ్య సందు దాని తలకాయ పట్టనంత ఇరుగ్గా ఉండాలి. తీసి పెట్టుకునేలా కొక్కేలు వేస్తే అత్తయ్యగారికి పూజ వేళ ఇబ్బంది ఉండదు. ఆ గేట్లు ఆవిడ చేతికి అప్పగిస్తే సగం కోపం తగ్గుతుందని నా నమ్మకం. ఆవిడకి కుక్కంటే కోపం కాదమ్మా, మడి కట్టుకున్న గదికి అడ్డం లేదని కోపం. పైగా రెండు కిలోల పప్పు నానబోసి, రుబ్బి, నడుం వంచి ఒక్కొక్కటీ పెట్టిన మనిషి. ఆవిడ బాధపడకుండా ఎలా ఉంటారు? ఎండలు ఇంకా ఉన్నాయి. ఈసారి పప్పు నువ్వు రుబ్బు, నులక మంచం మీద చీర పరిచి పెట్టండి, దోమతెర ముందే పైకి చేర్చు. కాపలాకి మీ వాడిని కూర్చోబెట్టు. వడియాల కాపలా మన ఇళ్లల్లో ఎప్పటినుంచో వేసవి సెలవుల ఉద్యోగమే. కుక్కని తెచ్చింది వాడే కాబట్టి ఈ ఏడు జీతం లేకుండా చెయ్యాలి.

వడియాలు తిన్నా దానికేం కాలేదుగా, అదే చాలు. ఉప్పు, పచ్చిమిర్చి కాబట్టి ఆ రోజు నీళ్లు బాగా తాగి ఉంటుంది. చల్ల మిరపకాయలు మాత్రం దానికి అందనివ్వకు, వాటిలో ఉప్పు మరీ ఎక్కువ. ఇంట్లో మిగిలింది పెట్టేటప్పుడు ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు, పులుసులు వద్దు. అవి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. పాయసంలో కిస్మిస్, ద్రాక్షపళ్లు మూత్రపిండాలకి ముప్పు. చాక్లెట్ కూడా వద్దు. పెరుగన్నం, గుడ్డు, ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్ హాయిగా పెట్టొచ్చు. ఉడికిన ఎముకలు మాత్రం వద్దు, అవి పేళ్లలా విరిగి పేగులో గుచ్చుకుంటాయి.

పరుపు సంగతి. స్పాంజి ముక్కలు మింగిందేమో రెండు మూడు రోజులు చూశావా? వాంతులు, తిండి మానేయడం, దొడ్డికి రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ పూటే డాక్టరుకి చూపించాలి. ఈ వయసులో దానికి పరుపు వద్దు. పాల పళ్లు 28 ఊడి, అసలు పళ్లు 42 వచ్చే కాలం ఇది. చిగుళ్లు దురద పెట్టి ప్రాణం తీస్తుంటాయి. ఏడు నెలలకల్లా ఈ కొరుకుడు చాలా వరకు తగ్గుతుంది. అందాకా పాత నూలు చీర నాలుగు మడతలు వేసి, అంచుల వెంట దగ్గర దగ్గరగా కుట్టి బొంతలా పరిచేయ్. లోపల కూరేది ఏమీ ఉండకూడదు. కొరకడానికి పాత తువ్వాలు తడిపి, తాడులా మెలిపెట్టి ముడివేసి, డీప్ ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వు. చల్లగా చిగుళ్లకి హాయిగా ఉంటుంది. పోగులు లేస్తే మాత్రం తీసేయ్. క్యారెట్ కూడా అలాగే చల్లగా ఇవ్వొచ్చు. మీ వాడు చేతులతో కాకుండా ఆ తువ్వాలుతోనే ఆడాలి. పన్ను చేతికి తగిలిన క్షణం ఆట ఆపేసి లేచి వెళ్లిపోవాలి. కొట్టనక్కర్లేదు, తిట్టనక్కర్లేదు. ఆట ఆగిపోవడం కంటే పెద్ద శిక్ష దానికి ఇంకొకటి లేదు.

గడప దగ్గర ఒంటేలుకి ఫినాయిల్ మందు కాదు. మన ముక్కుకి ఫినాయిల్ వాసనే వస్తుంది, దాని ముక్కుకి కింద ఉన్న పాత వాసన అలాగే అందుతుంది. ఇది నా చోటే అనుకుని మళ్లీ అక్కడికే వస్తుంది. పైగా ఆ తడి అరికాళ్లకి అంటి, అది నాక్కుంటుంది. ముందు పాత న్యూస్ పేపర్ వేసి తొక్కి తడి పీల్చెయ్యి. తర్వాత సబ్బు నీళ్లు. నేల టైల్సో గ్రానైటో అయితే వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి తుడిచి ఆరనివ్వు. కడప బండో, తాండూరు బండో, పాలరాయో అయితే వెనిగర్ జోలికి పోవద్దు. అవి సున్నపురాయి జాతి, పులుపు తగిలితే మెరుపు పోయి మచ్చ పడిపోతుంది. గడప చెక్కదైనా అంతే, పెంపుడు జంతువుల షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ అని అమ్ముతారు, అది వాడు. ఒంటేలు మీద బ్లీచింగ్ మాత్రం ఎప్పుడూ పొయ్యకు. రెండూ కలిస్తే కళ్లు, గొంతు మండించే విషవాయువు వస్తుంది. బ్లీచింగ్, బాత్రూం యాసిడ్ కలిపినా అంతే, ఇంకా ప్రమాదం.

ఇక అలవాటు చేయడం. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకి, ఆట అవగానే బయట ఒకే చోటికి తీసుకెళ్లు. అక్కడ పని కానిచ్చిన వెంటనే మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టు. ఇంటికొచ్చాక పెడితే దానికి ఎందుకో అర్థం కాదు. గడప దగ్గరికి ఈడ్చుకెళ్లి ముక్కు రాయడం వల్ల నేర్చుకునేది ఒకటే, నువ్వు లేనప్పుడు పోసుకోవాలని. కొన్నాళ్లకి కాలెత్తి గుర్తులు పెట్టే వయసు కూడా వస్తుంది, టీకాకి వెళ్లినప్పుడు సంతానం కలగకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో కూడా అడిగిరా.

ఇచ్చేయాలా అన్నావు. ఐదున్నర నెలల వీధి కుక్కని, టీకాలు పూర్తికానిదాన్ని ఎవరు తీసుకుంటారు చెప్పు. తీసుకున్నాం అన్నవాళ్లు రెండు వారాలకి ఊరి చివర వదిలేస్తారు, నేను చాలా చూశాను. ఉంచుకో. ముందు దాన్ని సరిగ్గా పెంచే అవకాశం మీకు మీరు ఇచ్చుకోండి. ఏడాది నిండేసరికి కూడా ఇంట్లో ఎవరికీ సమయం లేదనిపిస్తే అప్పుడు మంచి ఇల్లు వెతుకుదాం, అప్పటికి టీకాలున్న, అలవాట్లున్న కుక్క అవుతుంది కాబట్టి అడిగేవాళ్లూ ఉంటారు. అత్తయ్యగారికి ఈ గడువు సంగతి నువ్వే చెప్పు, మీ ఆయన చేత చెప్పించకు.

పశువుల ఆసుపత్రికి ఈ వారమే వెళ్లండి. జులై 6న జూనోసిస్ దినోత్సవానికి, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి జరిపే రోజుకి, చాలా చోట్ల పెంపుడు కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, కానీ అందాకా ఆగొద్దు. పిల్లాడి చేతికి పన్ను తగిలిన సంగతి అక్కడ డాక్టరుకి ముందే చెప్పు, పది రోజుల పరిశీలన అయ్యాక వేద్దామంటే ఆయన చెప్పినట్టు చెయ్యండి. ఫిబ్రవరి నాటి కార్డు దొరికితే పట్టుకెళ్లు. దొరకకపోతే కొత్త కార్డు రాయించుకుని, దాన్ని బీరువాలో దాచకుండా వంటింట్లో క్యాలెండర్ మేకుకే తగిలించు. మీ వాడి ఇంజక్షన్ చీటీ కూడా ఆ మేకుకే. రెండింటి తదుపరి తేదీలూ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టేసి, మొదటి డోసు అవగానే నాకు రెండు ముక్కలు రాయి.